డుబ్రోవ్నిక్ పాతబస్తీ: పెద్దవాళ్ళతో మూడు రాత్రులు. బస ఎక్కడ, కోటగోడ ఎటునుంచి ఎక్కాలి?

పడమటిగాలి (ప్రశ్న)

నమస్కారం అండి. సెప్టెంబరు చివరి వారంలో క్రొయేషియా వెళ్తున్నాం. స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వచ్చి మూడు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. అమ్మానాన్న కూడా వస్తున్నారు. నాన్నగారు బాగానే నడుస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి. చదునుగా ఉంటే గంటసేపు నడవగలదు, మెట్లు మెల్లగా ఎక్కగలదు, దిగడమే చాలా కష్టం.

బస కోట లోపల తీసుకుంటే మంచిదా, బయటా? కోటగోడ మీద నడక అమ్మకి కుదురుతుందా? మూడు రోజుల్లో ఒకరోజు కోటోర్ గానీ మోస్తార్ గానీ చూసి రావాలని ఉంది. మాకు వచ్చినవి సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చే) షెంగెన్ వీసాలు, దాంతో ఏమైనా ఇబ్బందా? అందరం శాకాహారులం, గుడ్డు తింటాం. చర్చిలూ మ్యూజియాలూ అన్నీ చూసేయాలని లేదు, ఊరు నెమ్మదిగా చూస్తే చాలు.

రాతిమెట్లు

ముందు ఊరు ఎలా ఉంటుందో చెబుతాను, బస సంగతి అందులోనే తేలిపోతుంది. పాతబస్తీని ఉత్తరం నుంచి దక్షిణానికి అడ్డంగా కోసి చూస్తే దోనెలా ఉంటుంది. అడుగున స్ట్రాడున్ అనే పెద్దవీధి, సుమారు 300 మీటర్లు, పూర్తిగా చదును. దానికి ఉత్తరాన ఉన్న సందులన్నీ ప్రియెకో వీధి దాటగానే నిటారు మెట్లైపోయి, గోడ కిందున్న పెలినె వీధి దాకా ఎక్కుతాయి. దక్షిణాన కాస్త నయం. స్ట్రాడున్‌కి సమాంతరంగా పోయే ఓద్ పూచా వీధి, గుందులిచ్ చౌకు, కేథడ్రల్, పాతరేవు అన్నీ చదును నేల మీదే. ఆ వెనక జెసూయిట్ చర్చి వైపు మళ్ళీ మెట్లు మొదలవుతాయి.

కాబట్టి కోట లోపల ఉండాలంటే స్ట్రాడున్‌కీ ఓద్ పూచాకీ మధ్య సందుల్లో గానీ, కేథడ్రల్ చుట్టుపక్కల గానీ మాత్రమే చూడండి. చిరునామాలో ప్రియెకో, పెలినె అని కనిపిస్తే వదిలేయండి. చదును సందులో దొరికినా పని అయిపోదు. ఇళ్ళన్నీ మూడు నాలుగు అంతస్తుల రాతి ఇళ్ళు, లిఫ్టులు ఉండవు, లోపలి మెట్లు ఇరుకు. ఇంటివాళ్ళని రెండు లెక్కలు విడివిడిగా అడగండి: స్ట్రాడున్ నుంచి ఇంటి గుమ్మానికి ఎన్ని మెట్లు, గుమ్మం నుంచి గదికి ఎన్ని మెట్లు. ఒకటే అడిగితే చాలామంది మొదటిదే చెబుతారు.

కోట బయట తూర్పు ద్వారమైన ప్లోచే వైపూ, కొండ వాలు మీదా ఉన్న గదుల ప్రకటనల్లో ‘పాతబస్తీకి పది నిమిషాలు’ అని కనిపిస్తుంది. అది నిజమే, కానీ ఆ పది నిమిషాలూ మెట్లు దిగడమే, రాత్రికి అవన్నీ ఎక్కి రావాలి. మ్యాప్‌లో దూరం తెలుస్తుంది గానీ ఎత్తు తెలియదు. మీ అమ్మగారికి ఇవి అసలు వద్దు.

చదును గది కోటలో దొరక్కపోతే కోటకి దూరంగా ఉన్న లాపాద్ పేటలో తీసుకోండి. అక్కడ సముద్రం దాకా పోయే పాదచారుల వీధి ఉంది, చెట్ల నీడ, బెంచీలు, తీరం వెంట నడకదారి. ఆ వీధికి ఆనుకుని ఉన్న ఇల్లే చూడండి, లాపాద్‌లో కూడా వాలు మీద కట్టినవి చాలా ఉన్నాయి. కోట పడమటి ద్వారమైన పిలేకి 6వ నంబరు సిటీ బస్సు, పావుగంట ఇరవై నిమిషాల ప్రయాణం. టికెట్ డ్రైవర్ దగ్గర కంటే కియోస్కులో కొంటే తక్కువ. ఎక్కగానే మెషీన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే.

కోటలో ఉంటే మాత్రం ఒక పెద్ద లాభం ఉంది. ఉదయం ఎనిమిదిన్నర లోపూ, సాయంత్రం ఆరు తర్వాతా ఊరు మీదైపోతుంది. మధ్యలో క్రూయిజ్ ఓడల జనం ఉంటారు. ఏ రోజు ఎన్ని ఓడలు వస్తాయో పోర్టు వెబ్‌సైట్‌లో ముందే ఉంటుంది. అది చూసుకుని, ఓడలు ఎక్కువున్న రోజు ఊరి బయటి తిరుగుడు పెట్టుకోండి.

సామాను గురించి. స్ప్లిట్ బస్సు గ్రుజ్ బస్టాండులో దింపుతుంది. డుబ్రోవ్నిక్‌కి రైలు లేదు. అక్కడి నుంచి పాతబస్తీ మూడు కిలోమీటర్ల లోపే, 1ఏ, 1బీ, 3 నంబర్లు పిలే దాకా వెళ్తాయి. పెద్ద పెట్టెలుంటే ట్యాక్సీ నయం, అయితే కోటలోకి వాహనాలు రావు. పిలే దగ్గర బయటి ద్వారానికీ లోపలి ద్వారానికీ మధ్య నేల దిగువకి పోతుంది, పెట్టె అదుపు తప్పకుండా పట్టుకోవాలి. ఇప్పటికే ఉత్తరపు సందుల్లో గది బుక్ చేసుకున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీరు పిలే దగ్గర దిగకండి. పైన ఉత్తరపు గోడలో ఉన్న బుజా ద్వారం దగ్గర దిగితే సామాను మెట్ల మీద పైకి మోసే బాధ తప్పుతుంది, కిందికి దించుకోవడమే.

ఇంకొకటి, చెప్పులు. స్ట్రాడున్ పలకలు సున్నపురాయి. శతాబ్దాలుగా కాళ్ళ కింద అరిగి అద్దంలా మెరుస్తుంటాయి. వాన పడినా, తెల్లవారుజామున వీధులు కడిగినా జారుతుంది. అమ్మగారికి అడుగున గాట్లున్న రబ్బరు సోలు బూట్లు తప్పనిసరి.

మైలురాయి

వీసా సంగతి ముందు చూసుకోండి, మిగతావి తర్వాత. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో ఉంది, యూరో కూడా అదే రోజు వచ్చింది. కోటోర్ ఉన్న మాంటెనెగ్రో, మోస్తార్ ఉన్న బోస్నియా రెండూ షెంగెన్ బయటే. సింగిల్ ఎంట్రీ వీసాతో సరిహద్దు దాటితే వీసాలో రోజులు మిగిలున్నా ఆ ఎంట్రీ అయిపోయినట్టే, తిరిగి డుబ్రోవ్నిక్‌లోకి రానివ్వరు. చెల్లే షెంగెన్ వీసా ఉన్న భారతీయులని మాంటెనెగ్రో విడిగా వీసా లేకుండానే రానిస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ కనిపించదు, చిక్కంతా సాయంత్రం తిరుగు ప్రయాణంలో. టూరు అమ్మేవాళ్ళు మీ వీసా ఏ రకమో అడగరు. రెండు ఊళ్ళూ ప్లాన్‌లోంచి తీసేయండి.

ఇదే చిక్కు మీ స్ప్లిట్ బస్సులో కూడా దాగుంది. క్రొయేషియా తీరాన్ని మధ్యలో బోస్నియా నేల కొంచెం తెగ్గొడుతుంది, అక్కడున్న ఊరు నెయుమ్. 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక ఆ ముక్క తాకకుండానే డుబ్రోవ్నిక్ చేరవచ్చు. అయితే అన్ని బస్సులూ వంతెన మీదుగానే పోతాయన్న నమ్మకం లేదు, కొన్ని పాతదారిలో నెయుమ్‌లో ఆగుతూ పోతాయి. టికెట్ కొనేటప్పుడే ‘వంతెన మీదుగానా, నెయుమ్ మీదుగానా’ అని కంపెనీని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. అద్దె కారైతే నావిగేషన్‌లో దారి మీరే ఎంచుకోండి, దాని ఇష్టానికి వదిలేయకండి. మూడో దారి పడవ. స్ప్లిట్ నుంచి హ్వార్, కోర్చులా ద్వీపాల మీదుగా సీజన్‌లో కాటమరాన్ నడుస్తుంది, దానికి సరిహద్దు గొడవే లేదు. సముద్రం బాగాలేకపోతే రద్దవుతుంది, అంతే.

ఒకరోజు బయటికి వెళ్ళాలంటే సావ్‌టాట్ వెళ్ళండి. పాతరేవు నుంచి పడవ సుమారు ముప్పావుగంట, గ్రుజ్ నుంచి 10వ నంబరు బస్సు కూడా ఉంది. రేవు చుట్టూ చదును నడకదారి, అమ్మగారికి సరిగ్గా సరిపోతుంది. నాన్నగారికి కోటలంటే ఇష్టమైతే స్టోన్ అనే ఊరు. ఐదున్నర కిలోమీటర్ల గోడ కొండెక్కి దిగుతుంది, కింద ఇప్పటికీ ఉప్పు పండించే మడులున్నాయి. ఒకప్పటి డుబ్రోవ్నిక్ గణతంత్రం ఆ గోడ కట్టింది ఆ ఉప్పు కోసమే.

కోటబురుజు

గోడ గురించి నేను చెబుతాను. మొత్తం చుట్టు 1,940 మీటర్లు. ఎత్తు చోటుని బట్టి 25 మీటర్ల దాకా. భూమి వైపు 4 నుంచి 6 మీటర్ల మందం, సముద్రం వైపు ఒకటిన్నర నుంచి 3 మీటర్లే. ఫిరంగులు భూమి వైపు నుంచే వస్తాయని లెక్క. అడుగడుక్కీ ఆగుతూ నడిస్తే రెండు గంటలు. మూడు చోట్ల ఎక్కవచ్చు: పిలే ద్వారం దగ్గర, ప్లోచే వైపు సెయింట్ లూక్ దగ్గర, పాతరేవు పక్కన సెయింట్ జాన్ కోట దగ్గర. నడక ఒకే దిక్కుకి, గడియారం ముల్లుకి ఎదురుగా. వెనక్కి తిరగనివ్వరు. దిగిపోయాక మళ్ళీ అదే టికెట్ మీద ఎక్కనివ్వరు. దారిలో మళ్ళీ టికెట్ తనిఖీ చేస్తారు, పారేయకండి.

చాలామంది పిలే దగ్గర ఎక్కుతారు, క్యూ అంతా అక్కడే. కాళ్ళు బాగున్నవాళ్ళు ప్లోచే వైపు నుంచి ఎక్కడమే మేలు. ఉత్తరపు గోడ మీది ఎత్తు ఎండ ముదరకముందే ఎక్కేస్తారు, ఊళ్ళోకెల్లా ఎత్తైన మిన్చెటా బురుజు ముందే అయిపోతుంది, ఆ తర్వాత సముద్రం వైపు గాలిలో తాపీగా నడవచ్చు. సీజన్‌లో గేట్లు ఉదయం ఎనిమిదికి తెరుస్తారు, ఆ వేళకే అక్కడ ఉండండి. లేదంటే మూసే వేళకి రెండున్నర గంటల ముందు. పదకొండు నుంచి మూడు దాకా వెళ్ళకండి. గోడ మీద నీడ దాదాపు లేదు, తెల్లరాయి కింద నుంచి కూడా వేడి కొడుతుంది. టోపీ, మనిషికి లీటరు నీళ్ళు. సీసాలు పిలే లోపలున్న ఒనోఫ్రియో ఫౌంటెన్ దగ్గర నింపుకోండి. 1438 నాటిది, 12 కిలోమీటర్ల అవతలి ఊట నుంచి నీళ్ళు తెచ్చిన కాలువకి చివర కట్టారు. ఇప్పుడు కూడా ఆ ముఖాల నోళ్ళలోంచి వచ్చే నీళ్ళు తాగవచ్చు.

డబ్బు లెక్క: 2025 సీజన్‌లో గోడ టికెట్టూ, ఒకరోజు డుబ్రోవ్నిక్ పాసూ రెండూ 40 యూరోలే. పాసులో గోడతో పాటు రెక్టర్ ప్యాలెస్ లాంటి మ్యూజియాలూ, సిటీ బస్సులూ వస్తాయి. ఆ ధరలున్నంత కాలం విడి గోడ టికెట్ కొనడంలో అర్థం లేదు. ఇప్పటి ధర అధికారిక సైట్‌లో చూసి రెండూ పోల్చుకోండి. గోడ టికెట్ మీదే పిలే బయట రాతిగుట్ట మీదున్న లొవ్రియెనాట్స్ కోట కూడా చూడవచ్చు, చాలామందికి తెలియక వదిలేస్తారు.

పైనుంచి చూసేటప్పుడు ఇళ్ళ పెంకులు గమనించండి. మాసి గోధుమరంగుకి, లేతపసుపుకి తిరిగినవి పాతవి. ముదురు నారింజ రంగులో ఒకే తీరుగా ఉన్నవి 1991-92లో యుగోస్లావ్ సైన్యం ముట్టడిలో గుండ్లు పడి పోయిన కప్పుల చోట కొత్తగా వేసినవి. మిన్చెటా మీద నిలబడి చూస్తే ఊరు ఎంత దెబ్బతిందో ఆ రంగే చెబుతుంది. యునెస్కో జాబితాలో 1979 నుంచి ఉన్న ఊరికి ఇది జరిగింది. ఏ మ్యూజియం కంటే ముందైనా ఇది చూడాల్సిన సంగతి.

పడమటిగాలి

మైలురాయి గారూ, చాలా థాంక్సండి, బస్సు నెయుమ్ మీదుగా పోవచ్చని అసలు తెలియదు. కాటమరాన్ చూస్తాం. కోటబురుజు గారూ, ప్లోచే నుంచి ఎక్కితే అమ్మ పరిస్థితి ఏమిటి? సగంలో దిగిపోయే వీలుందా?

రాతిమెట్లు

ఇక్కడ కోటబురుజు గారితో నాకు తేడా ఉంది. ఆయన చెప్పింది కాళ్ళు బాగున్నవాళ్ళకి సరైనదే. దిగడం కష్టమైన మనిషికి మాత్రం ఆ దారి తలకిందులు. ప్లోచే నుంచి వెళ్తే మిన్చెటా ఎక్కాక పిలే దాకా అంతా దిగుడే.

అమ్మగారిని పిలే దగ్గర ఎక్కించండి. మొదట్లో నిటారు మెట్లు వరసగా ఉన్నాయి, ఆగి ఆగి ఎక్కనివ్వండి. అవి దాటితే బోకార్ బురుజు నుంచి సెయింట్ జాన్ కోట దాకా సముద్రపు గోడ. అక్కడక్కడా మెట్లున్నా గోడ మొత్తంలో తేలికైన భాగం అదే, అందమైనదీ అదే. సెయింట్ జాన్ దగ్గర ఆవిడ దిగిపోవాలి. ఒక్కసారి దిగుడు తప్పదు, కానీ మిన్చెటా దిగుడుతో పోలిస్తే చాలా తక్కువ. బయటికి రాగానే పాతరేవు, కూర్చోవడానికి చోటుంది. నాన్నగారు మిగతా చుట్టు పూర్తి చేసి పిలే దగ్గర దిగి, స్ట్రాడున్ మీదుగా నడిచి రేవుకి వచ్చేస్తారు.

ఆ రోజు నొప్పి ఎక్కువుంటే గోడ పూర్తిగా మానేసి సర్జ్ కొండకి కేబుల్ కారు ఎక్కండి. 412 మీటర్ల ఎత్తు, నాలుగు నిమిషాల లోపే పైకి చేరుస్తుంది. కోట మొత్తం కాళ్ళ కింద కనిపిస్తుంది. కేబుల్ కారు స్టేషన్ బుజా ద్వారానికి పైన ఉంది, కోట లోపల నుంచి నడిస్తే మెట్లే మెట్లు, పిలే నుంచి ట్యాక్సీ తీసుకోండి. సెప్టెంబరు చివర సూర్యాస్తమయం ఆరున్నర దాటాక. ఆ వేళకి క్యూ పెరుగుతుంది కాబట్టి ఐదుకే ఎక్కేయండి. బురా అనే ఈశాన్యపు గాలి గట్టిగా వీస్తే కేబుల్ కారు ఆపేస్తారు, రానుపోను టికెట్ ముందురోజే కొనకండి.

చదును నేల మీద చూడదగ్గవి రెండు చెబుతాను, రెండూ మెట్లు లేకుండానే. స్ట్రాడున్ వెంట దుకాణాల గుమ్మాలు చూడండి: ఒకే కమాను కింద సగం తలుపు, మిగతా సగం నడుమెత్తు రాతి అరుగు. తలుపు వేసి ఉన్నా అరుగు మీదుగా బేరం సాగేది. 1667 ఏప్రిల్ 6 భూకంపంలో ఊరు కూలాక వీధంతా ఒకే నమూనాలో తిరిగి కట్టారు, అందుకే అన్నీ ఒకేలా ఉంటాయి. రెండోది ఆ భూకంపాన్ని తట్టుకున్న స్పోన్జా భవనం. ఒకప్పటి సుంకాల ఆఫీసు. లోపలి ప్రాంగణంలో ఎదుటి కమాను పైన లాటిన్ రాత ఉంది. మా తూకాలు మోసం చేయనివ్వవు, మోసపోనివ్వవు, నేను సరుకు తూచేటప్పుడు దేవుడు నన్ను తూస్తాడని దాని భావం. తక్కెడ వేలాడిన చోటే చెక్కారు.

కోటబురుజు

నిజమే, మోకాళ్ళకి పిలే దారే మంచిది. అయితే ఆ క్యూ ఎండలో నిలబెడుతుంది, కాబట్టి ఉదయం ఎనిమిది లోపే అక్కడ ఉండాలి, ఇందులో సడలింపు లేదు. గాలి గురించి ఇంకొక మాట. ఆగ్నేయం నుంచి వచ్చే యూగో రెండు మూడు రోజులు వదలదు, ఉక్కపోత, మబ్బు, పెద్ద అలలు. అలాంటప్పుడు ఎదురుగా ఉన్న లోక్రుమ్ ద్వీపానికి పోయే పడవలూ, కాటమరాన్లూ ఆగిపోతాయి. మీవి మూడు రాత్రులే కాబట్టి పడవ పని ఏదున్నా మొదటిరోజే పెట్టుకోండి, ఆగినా ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి.

కరివేపచెట్టు

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. మెనూలో ‘నల్ల రిజోట్టో’ అంటే కట్‌ల్‌ఫిష్ సిరాతో వండినది, పేరులో చేప కనిపించదు. ‘ష్పోర్కి మకరూలి’ అనే స్థానిక పాస్తాలో మాంసం ఉంటుంది. కూరగాయల సూప్ కూడా మాంసం రసంతో చేసి ఉండవచ్చు, అడగాలి. ‘బెజ్ మేసా, బెజ్ రీబే’ అంటే మాంసం లేకుండా, చేప లేకుండా. ధైర్యంగా తినదగ్గది బ్లిట్వా: ఆకుకూర, బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె, మన నోటికి దగ్గరగానే ఉంటుంది. బేకరీలో చీజు కూరిన బురెక్ అనే పొరల పేస్ట్రీ కడుపు నింపుతుంది, పాతబస్తీ హోటల్ ధరలో చాలా తక్కువకి వస్తుంది. అడగకుండా బల్ల మీద పెట్టే బ్రెడ్డుకి బిల్లు వేయవచ్చు.

వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సరుకులు శనివారమే కొనేయండి. 2023 నుంచి చట్టం ప్రకారం దుకాణాలు ఏడాదికి 16 ఆదివారాలు మాత్రమే తెరవవచ్చు, మీ ఆదివారం వాటిలో లేకపోవచ్చు. కూరగాయలకి గుందులిచ్ చౌకులో ఉదయం సంత ఉంటుంది, మధ్యాహ్నానికి ఎత్తేస్తారు. ఇంటి నుంచి పొడులూ, ఆవకాయా తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు పెట్టుకోకండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలూ, మాంసమూ ప్రయాణికులు తీసుకురాకూడదు, పచ్చి ఆకులకి మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. కస్టమ్స్‌లో చూస్తే తీసి పారేస్తారు.

మైలురాయి

లోక్రుమ్ పేరు వచ్చింది కాబట్టి: పాతరేవు నుంచి పావుగంట, టికెట్‌లోనే పడవ కలిసి ఉంటుంది. పాత బెనెడిక్టిన్ మఠం చుట్టూ తోట, నెమళ్ళు. రేవు నుంచి మఠం దాకా దారి పెద్దవాళ్ళు నడవగలిగేదే, పైన కోటకి ఎక్కే దారి మాత్రం నిటారు. పడవ ఎక్కేటప్పుడు ఊగుతుంది, అమ్మగారికి చేయి పట్టుకోండి. ఈత దుస్తులతో తిరిగి వచ్చి అలాగే కోటలో నడవకండి, జరిమానా వేస్తారు. ద్వీపంలో రాత్రి ఎవరినీ ఉండనివ్వరు. చివరి పడవ వేళ నెలని బట్టి మారుతుంది, వెళ్ళేటప్పుడే టికెట్ కౌంటర్లో అడిగి తెలుసుకోండి. దానికి ముందు పడవకే వచ్చేయండి, చివరిదానికి అందరూ ఒక్కసారే రేవులో చేరతారు.